బూజు పట్టిన ప్యాడిల్‌బోర్డు, వార్నిష్ లేచిన తెడ్లు, పాత కానో: దేన్ని దేనితో కడగాలి?

మీరు అడిగింది ఒకసారి కూడగట్టుకుంటాను. గాలి నింపే ప్యాడిల్‌బోర్డు (నిలబడి తెడ్డు వేసే బోర్డు) ఒకటి, చెక్క అంచులున్న పాత ఫైబర్‌గ్లాస్ కానో (తెడ్డుతో నడిపే సన్నని పడవ) ఒకటి, రెండు చెక్క తెడ్లు, పొడవు మార్చుకునే అల్యూమినియం తెడ్డు ఒకటి. అన్నీ చాలాకాలం షెడ్డులో పడి ఉన్నాయి. బోర్డు మడత విప్పితే ముక్కిన వాసన, పైన నిలబడే మెత్త మీద నల్ల మచ్చలు. మధ్యాహ్నం గాలి నింపితే పొద్దుటికి కొంచెం తగ్గుతోంది. తెడ్ల వార్నిష్ పెచ్చులుగా లేస్తోంది. కానో అడుగున గీతలు, ఒకచోట సన్నని బీటలు. ఎవరో బ్లీచింగ్ నీళ్లు పోసి ప్రెషర్ వాషర్‌తో కొట్టమన్నారు.

ముందు ఆ బ్లీచింగ్, ప్రెషర్ వాషర్ రెండూ పక్కన పెట్టండి. బ్లీచింగ్ బోర్డు పీవీసీని, అతుకుల దగ్గరి జిగురును, కుట్లను బలహీనపరుస్తుంది. ప్రెషర్ వాషర్ ధార మెత్త అంచు కింద దూరి దాన్ని లేపేస్తుంది. తెడ్డు మీద ఊగిసలాడుతున్న వార్నిష్ కిందకి నీటిని తోసేస్తుంది. ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది: బూజుకి వెనిగర్ మంచిదని ఎక్కడైనా చదివి, బ్లీచింగ్ పోసిన చోటే వెనిగర్ కూడా పోయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న షెడ్డులో అది చాలా ప్రమాదం.

నీటి మీద వాడటం వల్ల పాడయ్యే పడవలకంటే ఒడ్డున ఊరికే ఉండి పాడయ్యేవే ఎక్కువ అని నా గట్టి అభిప్రాయం. రాయికి గీసుకున్న గీత కంటికి కనిపిస్తుంది, బాగు చేస్తాం. ఎండ, లోపల చిక్కుకున్న తడి, తెలియక పూసిన మందు మాత్రం చప్పుడు లేకుండా పని చేసుకుపోతాయి. అందుకే మీ సామాను దేనితో తయారైందో తెలుసుకోకుండా ఏ సీసా మూతా తీయకండి. మామూలు మురికికి మంచినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తని బ్రష్, స్పాంజి చాలు. వీటితో వదలనిది ఉంటేనే మిగతావి.

బోర్డుతో మొదలుపెట్టండి. గాలి పూర్తిగా కాకుండా, బల్లలా నిలబడేంత నింపి నీడలో పెట్టండి. మడతల్లో, అంచు అతుకుల వెంట ఇసుక ఉంటే ముందు నీళ్లతో కొట్టుకుపోనివ్వండి. ఇసుక ఉండగా రుద్దితే మీ బ్రష్షే ఉప్పుకాగితం అవుతుంది. తర్వాత సబ్బు నీళ్లతో రుద్ది కడగండి. నల్ల మచ్చలున్న చోట తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి పది పదిహేను నిమిషాలు తడిగా ఉంచి, మెత్తని బ్రష్‌తో రుద్ది బాగా కడిగేయండి. వాసన దాదాపు పోతుంది. మచ్చ నీడలా కొంత మిగిలినా కంగారు పడకండి, దానివల్ల బోర్డుకు నష్టం లేదు, కాలు జారదు. మెత్త మీద జిడ్డుగా, పసుపుగా ఉన్నవి చాలావరకు సన్‌స్క్రీన్ మరకలు. అవి సబ్బుతో రెండు మూడు విడతల్లో వదులుతాయి. దోమల మందు రాసుకున్న చేతులతో మాత్రం బోర్డునీ, వార్నిష్ వేసిన తెడ్డునీ పట్టుకోవద్దు. అందులో డీట్ అనే రసాయనం ఉంటే అది కొన్ని ప్లాస్టిక్‌లనీ వార్నిష్‌నీ కరిగిస్తుంది.

కడగటం సులువే, ఆరబెట్టడంలోనే అందరూ తొందరపడతారు. పైకి పొడిగా కనిపించినా ఫిన్ (బోర్డు అడుగున బిగించే చిన్న రెక్క) పెట్టె గాడిలో, తాళ్లు కట్టే డీ-రింగుల కింద, సామాను కట్టే సాగే తాడు ముడుల్లో తడి దాగి ఉంటుంది. బోర్డును నిలువుగా ఆనించి, తర్వాత తిప్పి మళ్లీ ఆనించి, గాలి ఆడేచోట ఒక రోజంతా వదిలేయండి. ఎండలో కాదు, నీడలో. అప్పుడే మడవండి. మీ బోర్డుకు ముక్కిన వాసన పట్టడానికి కారణం తడిగా చుట్టి సంచిలో పెట్టడమే. సంచినీ తిరగేసి కడిగి ఆరబెట్టండి, లేదంటే శుభ్రం చేసిన బోర్డుకు అదే బూజు మళ్లీ అంటుకుంటుంది.

ఇక గాలి తగ్గడం. ఇది లీకే అని తీర్మానించకముందు ఉష్ణోగ్రత లెక్క చూడండి. మధ్యాహ్నం 35 డిగ్రీల వేడిలో 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నింపిన బోర్డు, తెల్లవారుజామున 20 డిగ్రీలకు చల్లబడితే ఏ చిల్లూ లేకుండానే దాదాపు 13.5 పీఎస్ఐ చూపిస్తుంది. పైగా పంపు కొట్టేటప్పుడే గాలి వేడెక్కుతుంది, కాసేపటికి అదీ చల్లబడుతుంది. కాబట్టి ఈసారి పొద్దున నింపి, మర్నాడు పొద్దున అదే వేళకు మళ్లీ కొలవండి. అప్పుడూ బాగా తగ్గితే వాల్వ్ చుట్టూ, అంచు అతుకుల వెంట సబ్బు నురుగు పూసి చూడండి. బుడగలు వరసగా పైకి వస్తే అదే చోటు. ఎక్కువసార్లు దొంగ వాల్వ్ దగ్గరే దొరుకుతాడు. వాల్వ్ మధ్యలోంచి బుడగలొస్తే రబ్బరు సీలు మీద ఇసుక రేణువు ఉందేమో చూడండి. గాలి తీసేసి, మధ్య పిన్ను నొక్కిపట్టి తడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. వాల్వ్ చుట్టూ బుడగలొస్తే రిపేరు కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ రెంచితో కొద్దిగా బిగించండి. లోపల గాలి ఉండగా మాత్రం విప్పే వైపు ఎప్పుడూ తిప్పకూడదు, వాల్వ్ ఎగిరి ముఖాన తగలొచ్చు.

చిన్న చిల్లయితే ఇంట్లోనే అతుకు వేసుకోవచ్చు. గాలి మొత్తం తీసి, బోర్డు చదునుగా పరిచి, ఆ చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. అతుకు గుండ్రంగా కత్తిరించండి, మూలలుంటే అక్కడి నుంచే లేస్తుంది. చిల్లు చుట్టూ ప్రతివైపూ కనీసం ఐదు సెంటీమీటర్లు ఉండాలి. జిగురు రెండు వైపులా పలచగా రెండు పూతలు వేసి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు నొక్కి, బరువు పెట్టి, 24 గంటలు కదపకుండా వదిలేయండి. లావుగా ఒకే పూత వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. అతుకు నిలవకపోవడానికి మరో కారణం సిలికోన్ పాలిష్. కారు డ్యాష్‌బోర్డు మెరవడానికి పూసే సిలికోన్ స్ప్రేలు బోర్డు మీద పూయకండి. చూడటానికి నిగనిగలాడుతుంది కానీ కాలు జారుతుంది, తర్వాత ఏ జిగురూ పట్టదు. అంచు అతుకు పొడవునా లేచిపోతుంటే మాత్రం అది ఇంటి పని కాదు, పీవీసీ పడవలు బాగుచేసేవాళ్లకు ఇవ్వండి.

వాడేటప్పుడు ఒక జాగ్రత్త. 25 డిగ్రీల దగ్గర 15 పీఎస్ఐ నింపిన బోర్డును ఒడ్డున ఎండలో వదిలేసి లోపలి గాలి 55 డిగ్రీలకు చేరిందనుకోండి, ఒత్తిడి 18 దాకా వెళ్తుంది. ముదురు రంగు బోర్డుకు ఆ వేడి పట్టడం పెద్ద విషయమేమీ కాదు. విరామం తీసుకునేటప్పుడు నీడలోకి లాగండి, నీడ లేకపోతే నీళ్లలోనే తేలనివ్వండి, లేదా కొంచెం గాలి వదలండి.

మీ స్నేహితుడు గట్టి బోర్డు కొంటున్నాడన్నారు కాబట్టి అతనికీ రెండు మాటలు. అలాంటి బోర్డుల్లో చాలావాటి లోపల థర్మాకోల్ జాతి నురుగు, పైన ఎపాక్సీ (కలిపాక గట్టిపడే ఒక రకం రెజిన్) పొర ఉంటాయి. పైన గాలి పోయే చిన్న మర (స్క్రూ) ఉంటే అది ఊరికే పెట్టింది కాదు. వేడికి లోపలి గాలి వ్యాకోచించినప్పుడు బయటికి పోయే దారి అది. చేత్తో తిప్పే మర అయితే ఎండలో రవాణా చేసేటప్పుడు, విమానంలో పంపేటప్పుడు వదులు చేయాలి, నీళ్లలో దింపేముందు తప్పకుండా బిగించాలి. పగులు వస్తే ఆ రోజుకు నీళ్లలోంచి బయటికి తెచ్చేయాలి, పగులును కిందికి వంచి నీరు కారిపోనివ్వాలి, పూర్తిగా ఆరాకే పూడ్చాలి. పూడ్చడానికి ఎపాక్సీ మాత్రమే వాడాలి. పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ ఆ నురుగును కరిగించి లోపల గుంత చేసేస్తుంది. అసిటోన్ కూడా అంతే.

కానో విషయానికి వద్దాం. బోర్లా తిప్పకముందు లోపలి మట్టి, ఆకులు ఎత్తేయండి. ముఖ్యంగా రెండు కొసల్లో, చెక్క అంచు కింది సందులో పేరుకున్నది. ఆ సందులో తడి మట్టి నిలిచినంతకాలం చెక్క లోపల్నుంచి కుళ్లుతుంది, బయటికి బాగానే కనిపిస్తుంది. రెండు కొసల్లోనూ మూసిన గాలి గదులు ఉంటే కానోను ఒకవైపు ఎత్తి వినండి. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తే ఆ గది ఎక్కడో ఊరుతోంది. అది సరిచేయకుండా నీళ్లలోకి వెళ్లకండి, బోల్తా పడినప్పుడు తేల్చేవి అవే.

అడుగు కడిగి ఆరాక గీతలను గోటితో తడిమి చూడండి. గోరు దిగని గీతలకు ఏమీ చేయనక్కర్లేదు. మరీ చూడలేకపోతే రబ్బింగ్ కాంపౌండ్‌తో పాలిష్ చేసి, కార్నుబా మైనం పూయండి. నీటి గీత దగ్గర గోధుమరంగు చారలు ఉంటే అవి ఆకుల కసరు. సబ్బుకు లొంగకపోతే ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పడవ క్లీనర్ తీసేస్తుంది. చేతికి తొడుగు, కంటికి అద్దాలు పెట్టుకుని వాడి, వెంటనే కడిగేయండి.

మీరు చెప్పిన సన్నని బీటలు ఒక చుక్క చుట్టూ కిరణాల్లా పాకి ఉంటే, అక్కడ ఎప్పుడో దెబ్బ తగిలి జెల్‌కోట్, అంటే ఫైబర్‌గ్లాస్ మీది నున్నని గట్టి పూత, పగిలిందన్నమాట. నాణెంతో చుట్టూ తట్టి వినండి. బాగున్న చోట టకటకమని గట్టిగా మోగుతుంది, పొరలు విడిపోయిన చోట బొదబొదమంటుంది. శబ్దం బాగుండి, లోపలివైపు తెల్లబడకపోతే పని చిన్నదే. బీటను కాస్త వెడల్పుగా గీరి, శుభ్రం చేసి, జెల్‌కోట్ నింపాలి. జెల్‌కోట్‌కు గాలి తగిలితే పైభాగం జిగటగానే ఉండిపోతుంది. అందుకని నింపగానే పైన ప్లాస్టిక్ షీటు అంటించి ఉంచండి. గట్టిపడ్డాక నీళ్లతో తడుపుతూ 400 నంబరు ఉప్పుకాగితంతో (నంబరు పెరిగేకొద్దీ నున్నన) మొదలుపెట్టి 600, 1000 దాకా వెళ్లండి. గట్టిపరిచేందుకు కలిపే ద్రవం ఒక్క చుక్క కంట్లో పడినా చూపుకే ముప్పు. కళ్లద్దాలు లేకుండా డబ్బా తెరవొద్దు. ఇదంతా ఫైబర్‌గ్లాస్‌కు. కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన కానో అయితే నార దాకా ఉప్పుకాగితం పెట్టకూడదు. అది నున్నబడకుండా పీచుపీచుగా లేస్తుంది.

చెక్క అంచులు నల్లబడ్డాయి, పగుళ్లు లేవు అన్నారు, అంటే సమయానికే అడిగారు. 150 తర్వాత 220 కాగితంతో నారవెంట రుద్దండి. టంగ్ ఆయిల్ గానీ, పడవల కోసం చేసిన నూనె గానీ గుడ్డతో పూసి, ఇరవై నిమిషాలయ్యాక మిగిలింది తుడిచేయండి. మర్నాడు మరో పూత, ఆ మర్నాడు ఇంకోటి. అందరూ పైన పూసి వదిలేస్తారు. అంచు అడుగువైపు, స్క్రూల చుట్టూ, కొసల్లోని చెక్క పలక కింద పూయడమే అసలు పని, నీరు నిలిచేది అక్కడే కదా. పచ్చి అవిసె నూనె నేను చెప్పను. మెల్లగా ఆరుతుంది, బూజుకు మేత అవుతుంది.

నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె, టంగ్ ఆయిల్ లాంటివి ఆరేటప్పుడు వేడి పుట్టిస్తాయి. గుడ్డ ఉండలో ఆ వేడి బయటికి పోలేక, నిప్పు ఎవరూ పెట్టకుండానే అంటుకుంటుంది. షెడ్లు ఇలా నిజంగానే కాలిపోతాయి. గుడ్డలు ఒక్కొక్కటి విడివిడిగా బయట పరచి పూర్తిగా గట్టిపడ్డాక పారేయండి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.

తెడ్లు. వీటి మీద నాకు ప్రత్యేకమైన మమకారం. మంచి చెక్క తెడ్డు సరిగా చూసుకుంటే తరం మారినా పని చేస్తుంది. పెచ్చులు లేచిన చోట మాత్రమే వార్నిష్ పూస్తే అతుకులబొంతలా ఉంటుంది, నీరు ఆ కీళ్లలోంచే దూరుతుంది. తెడ్డు రెక్క మొత్తం గీకి, 120, 220 కాగితాలతో నున్నగా చేయండి. బూడిదరంగుకు తిరిగిన చెక్క పోయి అసలు రంగు బయటపడాలి. నల్లని నీటి మరక లోతుగా ఉంటే ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం దానికీ పనికొస్తుంది. తర్వాత కడిగి, బాగా ఆరనివ్వాలి. తడి చెక్కపై వార్నిష్ వేస్తే వచ్చే ఏడాది మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

రెక్క కొన మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. చెక్క నార తెగి నిలువుగా తెరుచుకుని ఉండేది అక్కడే, నీళ్లు పీల్చుకునేదీ అక్కడే, రాళ్లకు తగిలేదీ అదే. కొనకు పలచని ఎపాక్సీ పట్టించి, గట్టిపడ్డాక కాస్త గరుకు చేసి, దాని మీదా వార్నిష్ వేయాలి. ఎపాక్సీ ఒంటరిగా ఎండను తట్టుకోదు, పసుపెక్కి పెళుసవుతుంది. వార్నిష్ అంటే మామూలు ఫర్నిచర్‌ది కాదు. అతినీలలోహిత కిరణాలను ఆపే, చెక్కతో పాటు వంగే మెరైన్ స్పార్ వార్నిష్. మొదటి పూత పలచగా కలిపి వేస్తే చెక్కలోకి ఇంకుతుంది. ఆపైన మూడు పూతలు, ఒక్కో పూత మధ్య 320 కాగితంతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి. చేయి పట్టే చోట, అంటే పైన పిడికి, కింది చేయి జారే కర్రకు వార్నిష్ వద్దు. నున్నని వార్నిష్ మీద తడి చేయి రాసుకుని బొబ్బలెక్కుతుంది. అక్కడ నూనె పూత చాలు, ఏడాదికి రెండుసార్లు.

ఆరిన తెడ్లను గోడకు వాల్చి నెలలకొద్దీ వదిలేయకండి, వంగిపోతాయి. పిడి దగ్గర కొక్కేనికి వేలాడదీయండి, లేదా చదునుగా పడుకోబెట్టండి.

అల్యూమినియం తెడ్డుకు మీరు చేయాల్సిందల్లా ప్రతిసారీ విప్పడం. ముక్కలు బిగించి ఉంచితే సందులో ఇసుక, ఉప్పు చేరి, ఒకరోజు ఇద్దరు పట్టి లాగినా ఊడవు. విప్పి, మంచినీళ్లతో కడిగి, విడిగా ఆరబెట్టండి. కీలు దగ్గర గ్రీజు పూయొద్దు, ఇసుకను పట్టి ఉంచుతుంది, బిగింపు కూడా జారుతుంది. క్లిప్ వదులైతే దాని స్క్రూను కొంచెం తిప్పితే చాలు.

మీరు రెండు వేర్వేరు చెరువుల్లో తిప్పుతానన్నారు, అందుకని ఇది తప్పనిసరి. కడగడం మన సామాను కోసమే కాదు, నీటి కోసం కూడా. 1988లో ఉత్తర అమెరికాలోని సెయింట్ క్లెయిర్ సరస్సులో మొదట కనిపించిన జీబ్రా ఆల్చిప్పలు తర్వాత ఎన్నో సరస్సులకు పాకడంలో పడవల పాత్ర పెద్దది. 2004లో న్యూజిలాండ్ నదుల్లో డిడిమో అనే నాచు బయటపడ్డాక అక్కడ చూడు, కడుగు, ఆరబెట్టు అన్న పద్ధతిని ఊరూరా ప్రచారం చేశారు. గుర్రపుడెక్క పిలక ఒక్కటి ఫిన్‌కు చుట్టుకుని వచ్చినా కొత్త చెరువును కమ్మేయగలదు. ఒడ్డునే, అదే నీటి దగ్గర, నాచు ముక్కలన్నీ తీసేయండి. కానోలో నీళ్లు అక్కడే ఒంపేయండి. తర్వాత ఇంట్లో కడిగి, ముట్టుకుంటే పొడిగా తగిలాక కనీసం రెండు రోజులు, వీలైతే ఐదు రోజులు ఆగి రెండో చెరువుకు వెళ్లండి. అంత ఆగలేకపోతే తాళ్లు, బూట్ల లాంటి చిన్న సామానును 45 డిగ్రీల వేడినీటిలో పావుగంట నానబెట్టవచ్చు.

దాచే పద్ధతి మార్చకపోతే ఈ శ్రమంతా వృథా. కానోను నేల మీద కాకుండా, బోర్లా, రెండు కొసల నుంచి పొడవులో సుమారు నాలుగో వంతు దూరంలో ఒక్కో ఆధారం ఇచ్చి, చెక్క అంచుల మీద బరువు ఆనేలా పెట్టండి. టార్పాలిన్ కప్పితే ఒంటికి అంటుకోకుండా గాలి ఆడే ఖాళీ ఉండాలి, అంటుకుంటే లోపల చెమ్మ పడుతుంది. బోర్డుకు చోటుంటే సగం గాలితో నీడలో అలాగే ఉంచడం అన్నిటికంటే మంచిది. చోటు లేకపోతే వదులుగా చుట్టండి, ప్రతిసారీ అదే గీత మీద మడవకండి. లీష్‌ను (బోర్డును మీకు కట్టి ఉంచే తాడును) సాగదీసి పొడవునా చూడండి. ఎక్కడైనా పగులు, వెల్‌క్రో పట్టు సడలడం కనిపిస్తే మార్చేయండి, అతికించవద్దు. లైఫ్ జాకెట్‌ను చేత్తో కడిగి నీడలో ఆరేయండి, వాషింగ్ మెషీన్‌లో వేస్తే లోపలి నురుగు దెబ్బతింటుంది.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు బోర్డు కడిగి ఆరబెట్టండి. అది ఆరే రోజునే తెడ్లు గీకేయండి. వార్నిష్ పూతల మధ్య ఖాళీలో కానో అంచులకు నూనె పట్టించండి, కాకపోతే గీకిన దుమ్ము పడకుండా వేరే చోట. కానో అడుగు బీట మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. నాణెంతో తట్టి చూసి, దాని ఫొటో బయటి నుంచి ఒకటి, లోపలివైపు నుంచి ఒకటి, పక్కన ఆ నాణెం పెట్టి తీసి పెట్టండి. లోపల తెల్లబడి ఉంటే జెల్‌కోట్ సరిపోదు, ఫైబర్‌గ్లాస్ గుడ్డ పొర వేయాల్సి ఉంటుంది. ఆ గుడ్డ ఎంత వెడల్పు కోయాలో ఫొటో చూశాక చెబుతాను.